వంతెన మీద వెనక్కి

వంటింటి బల్ల మీద యూరప్ పరిచింది ద్రహొమీర.
నాలుగు మూలలా నాలుగు బరువులు:
ఉప్పు డబ్బా, ఆవముద్ద సీసా,
నా కళ్ళజోడు పెట్టె, నిన్నటి రొట్టె ముక్క.
రొట్టె కింద పోర్చుగల్ ఉంది.
అటెలాగూ వెళ్ళం, పరవాలేదు.

గుండుసూదులు పదకొండు.
మనవడి స్వెట్టర్‌లో మిగిలిన ఎర్ర ఊలు.
షరతు ఒక్కటే: వెళ్ళిన పట్టా మీద
మళ్ళీ వెళ్ళకూడదు.
"డబ్బిచ్చి కొన్న కిటికీ కదా,
చూసిందే చూడ్డానికా?"

టిష్నోవ్ నుంచి బ్ర్నో, బ్ర్నో నుంచి వియన్నా.
ఊలు బుద్ధిగానే వచ్చింది.
గ్రాట్స్, మారిబోర్, ల్యుబ్ల్యానాలో రెండు రాత్రులు.

పక్కింటి క్వ్యెతకి బుడాపెస్ట్ కావాలట.
తనూ వస్తోంది మరి, గది అద్దెలో సగం తనదే.
బుడాపెస్ట్ గుచ్చితే దారం
కుక్కతోకలా తూర్పుకి వంగి
మళ్ళీ వియన్నాలోనే వచ్చి పడింది.
పీకింది. ముందుకి జరిపింది.
బ్ర్నో నుంచి తిన్నగా బుడాపెస్ట్,
బలటోన్ సరస్సు పక్కగా ల్యుబ్ల్యానా.
వియన్నా పోయింది. గ్రాట్స్ పోయింది.
"కేకు వియన్నాలోనే తినాలా ఏం?" అంది,
ఆ కేకు కోసమే ఈ పటం పరిచానన్నది మరిచిపోయి.

ట్రియెస్టె, పడువా, వెరోనా,
బ్రెన్నర్ కనుమ ఎక్కి ఇన్స్‌బ్రుక్,
మ్యూనిక్, ప్రాగ్, అక్కణ్ణుంచి
హవ్లీచ్‌కూఫ్ బ్రోద్ మీదుగా
ఇంటికి కూడా అవతలి దిక్కు నుంచే!
పెన్సిల్ ఎత్తకుండా ఇంటి బొమ్మ గీసిన బడిపిల్లలా
వెనక్కి వాలి చూసుకుంది.

అప్పుడన్నాను, అనకుండా ఉండాల్సింది,
"వెనిస్?"

మెస్త్రె దగ్గర నేల అయిపోతుంది.
ఆ తర్వాత వంతెన. వంతెన చివర స్టేషన్,
స్టేషన్ ముందు మెట్లు, మెట్ల కింద నీళ్ళు.
పట్టా అక్కడితో సరి.
వెళ్ళిన రైలు వెళ్ళిన దారినే రావాలి.
పడవలో బయటపడొచ్చంది క్వ్యెత.
పడవల వేళలు కూడా చూసింది ద్రహొమీర, నిజంగా.
గుచ్చి పీకి, గుచ్చి పీకి
వెనిస్‌కి చిల్లు పడింది.

నేను ముప్పై ఒక్కేళ్ళు కీమన్‌ని.
భుజాన సుత్తి, చేతిలో పానా.
పొద్దున టిష్నోవ్ నుంచి కుర్జిమ్ వైపు,
మధ్యాహ్నం కుర్జిమ్ నుంచి టిష్నోవ్ వైపు.
ఆ నడకంతా కలిపితే ఈ పటం చుట్టూ
ఎన్నిసార్లు తిరిగేవాణ్ణో.
తిరిగింది ఒక్క పట్టా మీదే.

పొద్దున బిగువుగా ఉన్న బోల్టు
ఎండెక్కాక మూలుగుతుంది.
వెళ్ళేటప్పుడు కంటబడని పగులు
వచ్చేటప్పుడు నీడ పడి కనబడుతుంది.
ఒక డిసెంబర్లో, తిరిగి వచ్చేటప్పుడే,
కంకర మీది మంచులో ఒంటి చేతితొడుగు,
ఆకుపచ్చది, ఉన్నిది.
వెళ్ళేటప్పుడు అక్కడ లేదు.
దాని జత ఎవరిదని ఊరంతా వాకబు చేస్తే
పోస్టాఫీసు కిటికీ వెనక,
ఒక చేత్తో ముద్రలు కొడుతూ
రెండో చెయ్యి జేబులో దాచుకుని,
నువ్వు.

ఇదేదీ పైకి అనలేదు.
అంటే "మొదలెట్టాడు పట్టాల పురాణం" అంటుంది.
ఊలు అందుకుని మెస్త్రె సూదికి ఒక చుట్టు చుట్టాను,
వెనిస్ దాకా లాగి, మళ్ళీ వెనక్కి తెచ్చాను.
ఆ కాస్త మేర దారం రెండు పేటలైంది.
"అక్కడ లావుగా ఉందే," అంది క్వ్యెత.

ద్రహొమీర ముక్కు మీదికి జారిన కళ్ళద్దాల్లోంచి
చాలాసేపు చూసింది.
"వెళ్ళేటప్పుడు ఎడమ కిటికీ," అంది, రాసుకుంటూ.
"వచ్చేటప్పుడూ ఎడమే.
అప్పుడు రెండోవైపు కదా."

తర్వాత మెల్లగా
రొట్టె ఎత్తి పోర్చుగల్ చూసింది.
నేను లేచి దీపం ఆర్పేశాను.